కుండీల సీత

లక్ష్మీపతి ఇంటి ముందు పద్దెనిమిది అడుగుల పొడవూ పన్నెండు అడుగుల వెడల్పూ ఉన్న మట్టి నేల ఉంది. నోయిడాలో గుమ్మం ముందు అంత నేల ఉండటమంటే మాటలు కాదు. మాజీ సైనికుల కాలనీలో పై అంతస్తు ఫ్లాట్లు రెండు చేతిదాకా వచ్చినా కాదనుకుని, కింది అంతస్తు దొరికేదాకా ఆయన కాచుకు కూర్చున్నది ఆ నేల కోసమే. ఇంట్లోకి వచ్చి రెండున్నరేళ్ళయింది. ఇప్పటికి ఆ నేలలో ఒక్క మొక్కంటే ఒక్క మొక్క లేదు.

మొక్కలు లేక కాదు. నలభై మూడున్నాయి. అన్నీ కుండీల్లోనే ఉన్నాయి. ఫిబ్రవరి వచ్చేసరికి డాలియాలూ పిటూనియాలూ బంతులూ విరగబూసి, దారిన పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటారు. కుండీలన్నిటికీ ఎర్రటి జేగురు పూత, మూతి చుట్టూ తెల్ల పట్టీ. పొడుగువి వెనక, పొట్టివి ముందు, మూడు వరసల్లో నిలబడి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎవరో పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తాడన్నట్టు ఉంటాయి. నేల మాత్రం నున్నగా ఊడ్చి, నీళ్ళు చల్లి, ఉత్తినే ఉంటుంది. ఇదంతా లక్ష్మీపతి భార్య సీత పని. కాలనీలో ఉన్న పది తెలుగు కుటుంబాలవాళ్ళూ ఆవిడకి "కుండీల సీత" అని పేరు పెట్టేశారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నవ్వేసి ఊరుకుంది.

లక్ష్మీపతికి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మరీ దూరం కాదులెండి, ఝాన్సీ దాకా.

ఆయన ముప్ఫై మూడేళ్ళు సైన్యంలో పనిచేసి సుబేదారుగా రిటైరయిన మనిషి. నరసన్నపేట దగ్గర పెళ్ళి చేసుకున్న సీతని వెంటబెట్టుకుని పదకొండు క్వార్టర్లు మారాడు. మొదటిది ఝాన్సీలో. అప్పుడు సీతకి ఇరవై మూడేళ్ళు. గుమ్మం ముందు నేల కనబడగానే కొంగు నడుముకి దోపి తవ్వేసింది. గులాబీలు, మల్లెలు, ముద్ద మందారం, గోడ వారన సన్నజాజి పందిరి. పద్నాలుగు నెలలు ఆ తోటని కంటికి రెప్పలా చూసుకుంది. సన్నజాజి మొదటి మొగ్గ తొడిగిన వారంలోనే పోస్టింగ్ ఆర్డరు వచ్చింది.

క్వార్టరు అప్పగించే రోజున స్టోరు బాబు జాబితా పట్టుకుని వచ్చి, ఫ్యాన్లూ బల్బులూ కుళాయిలూ ఒక్కొక్కటే చూసుకుని సంతకాలు పెట్టించుకున్నాడు. తోట మాట ఆ జాబితాలో ఎక్కడా లేదు. కొత్తగా దిగబోయే హవల్దారు గేటు దగ్గర నిలబడి, ఇదంతా పీకేస్తే స్కూటరు పెట్టుకోవచ్చని భార్యతో అంటున్నాడు. పాపం, అతని తప్పేం లేదు, స్కూటరున్నవాడికి స్కూటరు పెట్టుకునే చోటు కావాలి. కానీ ఆ మాట సీత చెవిన పడింది. ట్రక్కులో ఏడవలేదు, మాట్లాడనూ లేదు. రెండు రోజుల తర్వాత బఠిండాలో సామాను దించుకుంటుంటే మాత్రం, "ఇంక నేను నేలలో ఏదీ పెట్టనండి" అంది.

సీతది ఒకటే మాట. ఆ తర్వాత పది క్వార్టర్లలోనూ ఏ మొక్కైనా కుండీలోనే. అదీ తనొక్కతే ఎత్తగలిగే కుండీలో. ఏడాది తిరక్కుండా పూసే మొక్కే తెచ్చుకునేది. సామాను ట్రక్కెక్కేటప్పుడు కుండీలు ఆఖర్న ఎక్కేవి, ఊరు చేరాక ముందుగా దిగేవి. అంతవరకూ బాగానే ఉంది. సైన్యంలో ఉన్నవాళ్ళ కాపురం అంతే.

కానీ ఇది క్వార్టరు కాదే! లక్ష్మీపతి ముచ్చటపడి కొనుక్కున్న సొంతిల్లు. అయినా సీత ఈ ఇంట్లో గోడకి మేకు కొట్టనివ్వదు. ఖాళీ చేసేటప్పుడు గోడ పాడైందని రాస్తారట. క్యాలెండరుని కిటికీ ఊచకి తాడు కట్టి వేలాడదీసింది. ఆయన పేరూ నంబరూ తెల్ల పెయింటుతో రాసిన నల్ల ట్రంకులు రెండు, ఇంకా తాళం కూడా తియ్యకుండా మంచం కింద ఉన్నాయి. ఎవరికైనా చెబితే నవ్వొచ్చే సంగతులే. అదే ఇంట్లో ఉండే మనిషికి రోజూ చూస్తుంటే నవ్వు రాదు.

జనవరిలో ఒకరోజు సీత ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూ, "ఈ క్వార్టర్లో ఎండ బాగా పడతాదే. ఉన్నన్నాళ్ళు పూలకి లోటు నేదు" అంది. వరండాలో పేపరు చదువుతున్న లక్ష్మీపతికి ఆ తర్వాత ఒక్క అక్షరం కనబడలేదు. రెండున్నరేళ్ళ తర్వాత కూడా ఇది క్వార్టరేనా? ఉన్నన్నాళ్ళు ఏమిటి? ఆయనకి చాలా బాధ వేసింది. ఇక నువ్వు ఎక్కడికీ కదలక్కర్లేదు అని ఆవిడకి చెప్పడానికే ఆయన ఆ ఇల్లు కొన్నాడు. ఆ మాట నోటితో ఎన్నిసార్లు చెప్పినా "సరేనండి" అంటుంది, మర్నాడు ఇంకో కుండీకి జేగురు పూస్తుంది. ఇది మన ఇల్లని సీత నమ్మాలి. నమ్మిందని ఆయనకి తెలియాలంటే ఆవిడ నేలలో ఒక్క మొక్క పెట్టాలి. ఆయనకి కావలసింది ఆ ఒక్కటే.

వాళ్ళ కూతురు నవ్యశ్రీ గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. శనాదివారాలు వచ్చి పోతుంటుంది. కంటోన్మెంటు బడుల్లో చదివిన పిల్ల కాబట్టి తల్లిదండ్రులు తెలుగులో అడిగితే హిందీలోనో ఇంగ్లీషులోనో జవాబు చెబుతుంది. తండ్రి గోడంతా విని, "డాడీ, సింపుల్ హై. ఫ్రంట్ గార్డెన్ మొత్తం రీడిజైన్ చేసేద్దాం. మమ్మీకి సర్‌ప్రైజ్" అంది. ఫోన్లో బొమ్మలు చూపించింది. నడుమెత్తు సిరామిక్ ప్లాంటర్లు, నెమలికంఠం రంగువి. వాటిలో అరెకా పామ్‌లూ రంగురంగుల క్రోటన్లూ. అడుగున తెల్ల గులకరాళ్ళు, నడవడానికి రాతి పలకలు.

లక్ష్మీపతి అన్నీ ఓపిగ్గా చూసి ఒక్కటే ప్రశ్న వేశాడు.

"ఈ పెద్దది బరువెంతుంటుందమ్మా?"

"మట్టి నింపాక? నలుగురు పట్టాలి డాడీ. క్యోం?"

"అయితే అవే కావాలి. ఆరు తెప్పించు" అన్నాడు.

ఆయన ఆలోచన ఆయనకుంది. సీత కుండీలు ఎప్పుడంటే అప్పుడు ఎత్తుకుపోయేవి. గుమ్మం ముందు కదలని కుండీలు పెట్టేస్తే, కదలడం అనే ఆలోచనే పోతుంది. చెప్పొద్దూ, మగవాళ్ళ బుర్రలు ఇలాగే పనిచేస్తాయి, సుబేదారైనా మరొకరైనా. పెళ్ళాం మనసులో ఉన్నదాన్ని బరువుతో తొక్కిపెట్టొచ్చనుకుంటారు.

ఫిబ్రవరి రెండో శనివారం నవ్యశ్రీ తల్లిని సరోజినీ నగర్ బజారుకి తీసుకెళ్ళింది. అక్కణ్ణించి అశోకా రోడ్ వెళ్ళి కడుపునిండా మనవాళ్ళ భోజనం చేసి, సాయంత్రం అయిదింటికి గానీ తిరిగి రాకూడదని ఒప్పందం. వాళ్ళటు వెళ్ళగానే ఇటు మల్లేశం దిగాడు. మల్లేశం రిటైర్డ్ హవల్దారు, ఊరు సిద్దిపేట. ఒకే యూనిట్లో పదేళ్ళు లక్ష్మీపతి కింద పనిచేసి, ఇప్పుడు అదే వీధిలో మూడిళ్ళ అవతల ఉంటున్నాడు. రిటైరై ఎన్నాళ్ళయినా లక్ష్మీపతి అతనికి "సాబ్".

నర్సరీ యజమాని ధరమ్‌వీర్ టెంపోలో ప్లాంటర్లూ, మొక్కలూ, నలుగురు పనివాళ్ళనీ వేసుకుని వచ్చాడు. అందరూ కలిసి సీత కుండీలు నలభై మూడూ మోసి వెనక వరండాలో పెట్టారు. నవ్యశ్రీ గీసిచ్చిన కాగితం ప్రకారం మూడు ప్లాంటర్లు ఒక మూల గుంపుగా, రెండు గేటు పక్కన, ఒకటి మెట్ల దగ్గర ఒంటరిగా ఉండాలి. పనివాళ్ళు అలాగే దించారు. మల్లేశం రెండడుగులు వెనక్కి వేసి చూసి మొహం చిట్లించాడు.

"గిదేంది సాబ్? గది ఒక్కతే అటు పోయి నిలబడ్డది. మిగిలినయి ముచ్చట్లు పెట్టుకుంటున్నట్టున్నయి."

"నాకూ అదే అనిపిస్తోంది" అన్నాడు లక్ష్మీపతి.

ఇంకేముంది, తాడు తెచ్చారు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పట్టుకున్నారు. ఆరు ప్లాంటర్లూ తాడు వెంబడి ఒకే వరసలో, మధ్యన సమానంగా అడుగున్నర చొప్పున వదిలి, కుడివైపు పొడుగు మొక్కది మొదలుపెట్టి ఎడమవైపు పొట్టి మొక్కదాకా నిలబెట్టించారు. పనివాళ్ళ తల ప్రాణం తోకకొచ్చింది. పని పూర్తయ్యాక ఇద్దరూ చేతులు నడుం మీద పెట్టుకుని తృప్తిగా చూసుకుని, ఫోటో తీసి నవ్యశ్రీకి పంపారు. "డాడీ, యే గార్డెన్ హై యా పరేడ్?" అని జవాబొచ్చింది. వాళ్ళిద్దరికీ అది మెచ్చుకోలులాగే అనిపించింది.

అయిదుంపావుకి తల్లీకూతుళ్ళు సంచులతో ఆటో దిగారు. సీత గేటు తీసి అక్కడే ఆగిపోయింది.

"ఏటండీ ఇది?"

"నీకే. ఎలా ఉంది?" అన్నాడు లక్ష్మీపతి. కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

సీత సంచులు మెట్టు మీద పెట్టి, ఒక్కో ప్లాంటరు చుట్టూ తిరిగింది. నున్నటి అంచుని వేలితో రాసి చూసింది. ఒక క్రోటను ఆకు మీద దుమ్ముంటే కొంగుతో తుడిచింది.

"రంగు బాగున్నాది. మొక్కలు కూడా బలంగా ఉన్నాయి" అంది.

లక్ష్మీపతికి ప్రాణం లేచివచ్చింది. అంతలో సీత మధ్య ప్లాంటరుని రెండు చేతులా పట్టుకుని నెట్టి చూసింది. కదల్లేదు. మోకాలు ఆనించి మళ్ళీ నెట్టింది. ఊహూఁ. చేతులు దులుపుకుని మొగుడి వైపు తిరిగింది.

"బాగున్నాయి గాని, ఇవి ట్రక్కెలాగ ఎక్కుతాయండీ?"

నవ్యశ్రీ పకపకా నవ్వింది. "అరే మమ్మీ, కౌన్ సా ట్రక్?"

లక్ష్మీపతి నవ్వలేదు. పొద్దుటినించీ పడ్డ కష్టమంతా ఒక్కసారి ఒంట్లో మండింది. "ఎక్కడికెళ్తామే మనం? ఇంక మనల్ని పంపించేదెవరు?" అన్నాడు గొంతు పెంచి.

"నాకేటి తెలుసు?" అంది సీత నెమ్మదిగా. "పదకొండుసార్లూ మీకు మాత్రం ముందు తెలిసిందేటి?"

దెప్పిపొడుస్తున్నట్టు అనలేదు. ఉన్న మాట అన్నట్టే అంది. దెప్పినా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనడానికి ఆయనకి వీలుండేది.

మర్నాడు పొద్దున్న ఆయన టీ తాగడానికి బయటికి వచ్చేసరికి, వెనక వరండాలో ఉండాల్సిన నలభై మూడు కుండీలూ ముందుకి వచ్చేశాయి. ప్లాంటర్ల ముందు మూడు వరసల్లో, ఎప్పట్లాగే. ఒక్కర్తే అన్నీ మోసుకొచ్చింది. పోనీ ప్లాంటర్లని పట్టించుకోదా అంటే అదీ కాదు. వాటికీ రోజూ నీళ్ళు పోస్తుంది, ఎండాకులు గిల్లుతుంది. నవ్యశ్రీతో మాత్రం, "జాగ్రత్తగా చూడాలే. అప్పగించినప్పుడు ఎండగట్టీసేరన్న మాట రాకూడదు" అందట. అంటే ఆ ఆరూ సీత దృష్టిలో ఇంటితోపాటు వచ్చిన సామాను. ఫ్యాన్లలాగ, కుళాయిల్లాగ. వచ్చేవాళ్ళకి వదిలిపెట్టి పోయేవి.

నాలుగు రోజులు చూసి, ఒక సాయంత్రం లక్ష్మీపతి మల్లేశం ఇంటికి వెళ్ళి కూర్చున్నాడు. టీ చల్లారిపోతున్నా తాగలేదు.

"ఏం చెయ్యమంటావు మల్లేశం? కాగితాలన్నీ చూపించాను. రిజిస్ట్రీ చూపించాను. చదివి, బాగుందండీ అని మడిచి ఇచ్చేసింది."

మల్లేశం చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సాబ్, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. గీ ఇంట్ల దిగిననాడు ఏం జేసిండ్రు?"

"ఏం చేశాను? తాళం నేను ముందే తీసుకున్నాను. సీత అప్పుడు ఊళ్ళో ఉంది. సామాను ట్రక్కు వచ్చాక తను రైల్లో వచ్చింది. స్టేషన్ నించి తీసుకొచ్చి తలుపు తీశాను."

"మరి ఝాన్సీల ఎట్ల వచ్చింది? బఠిండాల ఎట్ల వచ్చింది?"

లక్ష్మీపతి ఒక్కో ఊరే గుర్తు చేసుకున్నాడు. అన్ని ఊళ్ళలోనూ అలాగే వచ్చింది. ఆయన ముందు వెళ్ళేవాడు, సీత సామాను ట్రక్కులో తర్వాత వచ్చేది, ఆయన జేబులోంచి తాళం తీసి తలుపు తెరిచేవాడు. పదకొండు క్వార్టర్లు అలా తెరిచాడు. పన్నెండో తలుపు కూడా అలాగే తెరిచి, ఇది వేరని ఆవిడే తెలుసుకోవాలనుకున్నాడు.

"ఆ క్వార్టర్లల్లనన్న స్టోరు బాబు వచ్చి జాబితా చదివేటోడు, మార్చింగ్ ఇన్ అయ్యేది" అన్నాడు మల్లేశం. "గీ ఇంటికి అది గూడ లేకపాయె. రిజిస్ట్రీ అంటే వదినెకు ఏం ఎరుక సాబ్? ముప్ఫై ఏండ్లు ఆమె చూసిన కాయితం జాబితా ఒక్కటే."

మార్చింగ్ ఇన్ అంటే మరేం లేదు, క్వార్టర్లో దిగేటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ జాబితా ప్రకారం చూసుకుని సంతకం పెట్టి తీసుకోవడం. లక్ష్మీపతి గబగబా చల్లారిన టీ తాగేసి ఇంటికి వచ్చాడు. రెండు రోజులు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, స్కేలు పెట్టి గళ్ళు గీసి, వస్తువు, సంఖ్య, స్థితి అని రాసుకుంటూ పోయాడు. సీత అడిగితే ఏదో సొసైటీ పని అన్నాడు.

గురువారం పొద్దున్న పదింటికి మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి పెన్ను తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మార్చింగ్ ఇన్ కోసం వచ్చినమ్మా" అన్నాడు, మహా గంభీరంగా. సీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏటి తమ్ముడూ ఈ వేషాలు?"

"సర్కారీ పని వదినె. నవ్వొద్దు. ఫ్యాన్లు, నాలుగు."

సీత నవ్వుతూనే ఉంది, కానీ చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి వెళ్ళింది. ఒక్కో గదిలో ఫ్యాను వేసి చూసింది.

"పడగ్గదిలోది చప్పుడు చేస్తాది. రాయండి" అంది.

"అది మన ఫ్యానే కదా" అన్నాడు లక్ష్మీపతి.

"రాయండి ముందు. రాయకపోతే తరవాత మాట మన మీదికి వస్తాది."

రాశాడు. రెండో గదికి వచ్చేసరికి సీత మొహంలో నవ్వు పోయింది, పనిలో పడిపోయింది. కుళాయిలన్నీ తిప్పింది, కిటికీ గడియలు వేసి తీసింది, అద్దాల మీద గీతలున్నాయేమోనని వెలుతురుకి తల వంచి చూసింది. వంటింటి కుళాయి కారుతోందంది. వెనక తలుపు బిగుసుకుపోయిందంది. స్టోరు బాబులు ఆవిడ ముందు పనికిరారు. మల్లేశం చదువుతున్నాడు, ఆవిడ చూస్తోంది, లక్ష్మీపతి రాస్తున్నాడు. ముగ్గురూ ఆ పనిని ఎంత శ్రద్ధగా చేశారంటే, తలుపు దగ్గర పాలప్యాకెట్ల మనిషి వచ్చి పిలిచినా ఎవరూ పలకలేదు.

ఆఖర్న బయటికి వచ్చారు.

"ముందు నేల," చదివాడు మల్లేశం. "పద్దెనిమిది బై పన్నెండు అడుగులు. మట్టి. స్థితి మంచిగున్నది."

సీత అతని వైపు చూసింది. "నేల కూడా రాసేరేటి?"

"రాశాను" అన్నాడు లక్ష్మీపతి.

మల్లేశం కాగితం ఆవిడ చేతికిచ్చాడు. సీత కళ్ళజోడు పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని, మొదటినించి చదివింది. ఇల్లు తీసుకుంటున్నవారి పేరు అన్నచోట ఇదివరకు జాబితాల్లో ఆయన నంబరూ, ర్యాంకూ, పేరూ ఉండేవి. ఇందులో "సీత" అని ఉంది. దాని కింద, ఖాళీ చేయవలసిన తేదీ అన్నచోట ఒక అడ్డగీత ఉంది.

"ఇక్కడ తేదీ వెయ్యలేదు" అంది.

"లేదు."

"అంటే, ఆర్డరు వచ్చినంతవరకూ అనా?"

"ఆర్డరు రాదు సీతా. ఇచ్చేవాడెవడూ లేడు." లక్ష్మీపతి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పి వల్ల అది అంత తేలిగ్గా జరగలేదు. "నేనున్నన్నాళ్ళు ఇక్కడే. నా తరవాత నువ్వున్నన్నాళ్ళు ఇక్కడే. నిన్ను చాలా తిప్పేను. ఒక్కసారి కూడా నీకు ముందు చెప్పలేకపోయేను. అందుకే ఇది ముందే రాసి ఇస్తున్నాను, ఇంక తిప్పను."

మల్లేశం గేటు వైపు తిరిగి, రోడ్డు మీద ఏదో ఉన్నట్టు చూడటం మొదలుపెట్టాడు.

సీత పెన్ను అడిగి తీసుకుంది. ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు నింపాదిగా సంతకం పెట్టింది. కాగితం మల్లేశానికి అందిస్తూ, "మీరు కూడా పెట్టండి తమ్ముడూ. సాక్షి సంతకం నేకపోతే చెల్లదు" అంది. తర్వాత టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఆ టీ రావడానికి అరగంట పట్టింది. వచ్చినప్పుడు ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లక్ష్మీపతి చూడనట్టే ఊరుకున్నాడు. చూశానని చెబితే ఆయన కూడా ఏడ్చేవాడే.

మూడోనాడు శనివారం. సీత పొద్దున్నే బయట నిలబడి, "ఈ పెద్ద కుండీలు ఎండకి అడ్డం. తీయించండి" అంది.

"తియ్యడమా? నలుగురు పట్టాలి."

"పట్టించండి మరి."

ధరమ్‌వీర్ మనుషులు మళ్ళీ వచ్చారు. మల్లేశం కూడా వచ్చి చెయ్యి వేశాడు. సీత గేటు దగ్గర నిలబడి చెబుతోంది. ఇటు కొంచెం. కాదు, అటు. ఉహుఁ, ముందున్న చోటే నయం. కదలకూడదని ఏరికోరి తెచ్చిన ప్లాంటర్లు ఆ పూట మూడుసార్లు కదిలాయి. సాయంత్రానికి మల్లేశం నడుం పట్టేసింది. మూడు ఒక మూల గుంపుగా, రెండు గేటు పక్కన, ఒకటి మెట్ల దగ్గర కుదురుకున్నాయి. గురుగ్రామ్ నించి అప్పుడే వచ్చిన నవ్యశ్రీ చూసి, "మమ్మీ, యే తో మేరా హీ డిజైన్ హై" అంది. కుండీలు కూడా అటూ ఇటూ గోడ వారకి సర్దేసరికి మధ్యలో నేల అంతా ఎండలో బయటపడింది.

"ఇక్కడేం పెడతావు?" అన్నాడు లక్ష్మీపతి.

"చూద్దాం. రేపు నర్సరీకి నేనూ వస్తాను" అంది సీత.

ఆదివారం మొగుడూ పెళ్ళాలిద్దరే వెళ్ళారు. ధరమ్‌వీర్ ఎదురొచ్చి, కొత్తగా వచ్చిన వేలాడే కుండీలూ ఇత్తడి పూత ప్లాంటర్లూ చూపించబోయాడు. సీత వాటిని దాటుకుంటూ వెళ్ళి, "భయ్యా, చంపా హై?" అంది.

చంపా అంటే సంపెంగ. లక్ష్మీపతి తెల్లబోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో సీత ఒక్కసారి కూడా సంపెంగ పేరెత్తలేదు.

"నీకు సంపెంగ ఇష్టమా? ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే ఏటి లాభం?" అంది సీత. "చెట్టు మనం పెడతాం, పూలు ఇంకెవరో కోసుకుంటారు."

ధరమ్‌వీర్ లోపలినించి ఒక మొక్క తెచ్చాడు. మోకాలెత్తుంది, కాండం బొటనవేలంత లావుంది, కొసన అప్పుడే ఒక మొగ్గ వేసింది. అంటు కట్టినది దీదీ, ఈ ఏడాదే పూస్తుంది, హామీ నాది అన్నాడు. లక్ష్మీపతి వెంటనే దాన్ని అందుకున్నాడు. ఈ వానాకాలానికే సీత తల్లో సంపెంగ పువ్వు! ఆయనకి ఆ క్షణంలో అంతకన్నా ఇంకేం కావాలి?

సీత మాత్రం పక్కన కింద పెట్టి ఉన్న నల్ల ప్లాస్టిక్ కవర్ల వైపు చూస్తోంది. వాటిలో జానెడు పుల్లలు, పుల్లకి నాలుగైదు ఆకులు.

"అవేటి భయ్యా?"

అవీ సంపెంగలే, కానీ గింజ మొక్కలన్నాడు ధరమ్‌వీర్. పెద్ద చెట్టవుతుంది గానీ పూతకి ఏడెనిమిదేళ్ళు పడుతుంది, మీకెందుకు దీదీ, అని అంటు మొక్క వైపు చెయ్యి చూపించాడు.

సీత వాటి ముందు గొంతుక్కూర్చుని వేళ్ళు మడిచింది. "ఇప్పుడు మీకు యాభై ఎనిమిది. ఎనిమిదేళ్ళంటే అరవై ఆరు. నాకు అరవై రెండు."

"అందుకే కదా, ఇది తీసుకుందాం అంటున్నాను. ఈ ఏడాదే పూస్తుందిట" అన్నాడు లక్ష్మీపతి.

"ఈ ఏడాది పూసేవే కదండీ ఇన్నాళ్ళూ పెంచేను" అంది సీత. జానెడు పుల్లల్లో ఒకదాన్ని కవరుతో సహా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. "ఎనిమిదేళ్ళు ఆగితే పూసేది ఒక్కటి కూడా పెట్టలేదు. ఇదే కావాలి. మనకి తొందరేటుంది ఇప్పుడు?"

లక్ష్మీపతి చేతిలో ఉన్న అంటు మొక్కని ధరమ్‌వీర్ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

ధరమ్‌వీర్ ఆవిణ్ణి ఎరిగినవాడే కాబట్టి, అలవాటు ప్రకారం, ఒక కుండీ చూపించి, దీనికి గమలా కూడా ఇవ్వనా దీదీ అని అడిగాడు.

"గమలా నహీ చాహియే భయ్యా" అంది సీత, మొక్క మొదట్లో మట్టిని వేళ్ళతో అదుముతూ. "జమీన్ హై. అప్నా ఘర్ హై."

లక్ష్మీపతి కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆటో పిలవడానికి రోడ్డు మీదికి నడిచాడు.